బహ్రెయిన్ కోట గోడలో పసుపు కొమ్ము

బహ్రెయిన్‌లో పదిహేడు రోజులున్నాను. ఫిబ్రవరి ఆరున దిగి, ఇరవై రెండున తిరిగి బయల్దేరాను. అందులో మూడు రోజులు ఒక్క కోటకే పోయాయి. ఇంటికి వచ్చినవాళ్లంతా ముత్యాల గురించి, బంగారం కొట్ల గురించి చెప్పమంటున్నారు. చెప్పగలను. కానీ ఆ కోట దగ్గర ఒక మనిషి చేతిలో పనిని నా చేతులతో పోగొట్టి వచ్చాను. అది దాచి ముత్యాల ధరలు చెప్పడం నావల్ల కాదు. అందుకని ముందు కోట సంగతే రాస్తున్నాను.

హిద్

సుధ మా చెల్లెలి కూతురు. ఆమె భర్త హిద్ అనే ఊళ్లో, ఓడలు బాగుచేసే యార్డులో డ్రాయింగ్ ఆఫీసులో పనిచేస్తాడు. వాళ్ల ఇల్లు నాలుగో అంతస్తు. వంటింటి కిటికీలోంచి రేవు క్రేన్లు కనిపిస్తాయి. మొదటిరోజు లెక్కపెట్టాను, తొమ్మిది. మర్నాడు మంచు పట్టి ఐదే కనిపించాయి.

వీధి మలుపులో రొట్టెల కొట్టు ఉంది. గోడలోకి కట్టిన మట్టి పొయ్యి, లోపలి గోడకు రొట్టె అంటించే మనిషి, బయట వరుసలో నిలబడ్డ కార్లు. వంద ఫిల్సులిస్తే పెద్ద పళ్లెమంత రొట్టెలు చేతిలో పెడతారు. మన రూపాయల్లో ఇరవై రెండో ఇరవై మూడో అవుతుంది. కారు దిగకుండానే కొనుక్కుని, ఇల్లు చేరేలోపు ఒకటి తినేయడం అక్కడి ఆనవాయితీ అట. మన దగ్గర దారిలో తింటూ వస్తే పెద్దవాళ్లు కోప్పడతారు. అక్కడ వేడి రొట్టె ఆగదని పెద్దవాళ్లే ముందు తుంచుతారు.

శనివారం పొద్దున సుధ పక్కింటి బహ్రెయినీ ఆవిడ మాకు ఒక గిన్నె పంపింది. మూత తీస్తే యాలకుల వాసన, కుంకుమపువ్వు రంగు, తీపి సేమ్యా. పొయ్యేకాలంలో ఇంత రుచిగల సేమ్యా తింటున్నానే అనుకుంటూ సగం తిన్నాక అడుగున పసుపుపచ్చగా ఏదో తగిలింది. అట్టు.

"పెద్దమ్మా, అది గుడ్డు. నీకు శనివారం కదా," అంది సుధ.

"ఇప్పుడు చెబుతున్నావా?"

"ఇంత ఇష్టంగా తింటుంటే ఎట్ల చెప్పను? దేవుడు బహ్రెయిన్‌ల లెక్క చూడడులే."

"ఎందుకు చూడడు?" అన్నాను. మిగతా సగం తినలేదు. తినాలనే ఉండింది.

కోట, మొదటిసారి

ఆ మధ్యాహ్నమే కోటకు వెళ్లాం. సముద్రం ఒడ్డున, ఖర్జూరపు తోటల పక్కన, ఒక దిబ్బ మీద ఉంటుంది. పోర్చుగీసు కోట అనడం అలవాటు. కానీ పోర్చుగీసువాళ్లు ఈ దీవిని పట్టుకున్నది 1521లో, పోగొట్టుకున్నది 1602లో. ఎనభై ఒక్క ఏళ్లు. వాళ్ల కంటే ముందే అక్కడ కోట ఉంది. హోర్ముజ్ రాజులు కట్టించినది. వీళ్లు 1561లో దాన్ని పెంచి, మూలల్లో కొత్తరకం బురుజులు కట్టారు. అప్పటికి ఫిరంగులు బలపడ్డాయి. ఎత్తైన గోడ ఒక్క గుండుకు కూలుతుంది. కనుక ఇటలీలో నేర్చిన పద్ధతిలో గోడను పొట్టిగా, లావుగా, మూల బయటికి పొడుచుకొచ్చేలా కట్టారు. అటువైపు వచ్చే శత్రువుకు నక్కడానికి చోటు దొరకదు.

ఇది నాకు కొత్త కాదు. మా జగిత్యాల ఖిల్లా 1747లో కట్టిందంటారు. ఫ్రెంచి ఇంజినీర్లు గీసిన నక్షత్రం నమూనా, చుట్టూ కందకం. చిన్నప్పుడు ఆ బురుజు మూలలు ఎందుకంత కొసదేలి ఉంటాయో ఎవరూ చెప్పలేదు. నాకు డెబ్బై నాలుగో ఏట బహ్రెయిన్‌లో తెలిసింది. నేను ఇరవై రెండేళ్లు సాంఘికశాస్త్రం చెప్పినదాన్ని. పిల్లలను ఎన్నిసార్లు మా ఖిల్లాకు తీసుకెళ్లి ఉంటానో. ఒక్కరికీ ఈ ముక్క చెప్పలేకపోయాను.

కోటకు టికెట్టు లేదు. ఇప్పుడది ఊరివాళ్లకు షికారు చోటు. కందకంలో చెవులకు తీగలు పెట్టుకుని పరుగెత్తేవాళ్లున్నారు. బురుజు మెట్ల మీద ఒక పెళ్లికూతురి గౌను అంచును ఇద్దరు పట్టుకుంటే మూడో మనిషి ఫొటో తీస్తున్నాడు. ఫిలిప్పీన్స్ నర్సులు ఐదుగురు దుప్పటి పరుచుకుని అన్నం తింటున్నారు. ఫిరంగుల కోసం గోడకు పెట్టిన కంతల్లో పిల్లలు కూర్చున్నారు.

పక్కనే మ్యూజియం ఉంది. దానికి టికెట్టు ఉంది. ఆ దిబ్బ కొండ కాదని అక్కడ తెలిసింది. నాలుగు వేల ఏళ్లుగా ఒక ఊరి మీద ఒక ఊరు కట్టుకుంటూ పోతే పెరిగిన మట్టి అది. అన్నిటికంటే పైపొర కోట. ఒక అద్దాల పెట్టె ముందు ఎక్కువసేపు నిలబడ్డాను. లోపల మట్టిగిన్నె, గిన్నెలో చుట్టచుట్టుకున్న పాము ఎముకలు. రెండున్నర వేల ఏళ్ల కిందట ఇల్లు కట్టేటప్పుడు నేల కింద ఇలాంటివి పాతిపెట్టారట. కొన్నిటిలో పాముతో పాటు ఒక పూస కూడా ఉండేదట. ఇంటికి మంచి జరగాలని కావచ్చునంటున్నారు.

"మనం పుట్టల పాలు పోస్తం, వీళ్లు పామునే ఇంట్ల పెట్టుకున్నరు," అంది సుధ.

గోడ దగ్గర మాట

తిరిగి వస్తుంటే గోడకు ఒక పక్క తాడు కట్టి ఉంది. ఏ పక్కనో ఈసారి రాయను. లోపల ఇద్దరు మనుషులు రాళ్ల సందుల్లో సున్నం నింపుతున్నారు.

"రాజన్నా, నీళ్లు జర తక్కువ పొయ్యి. జారుతున్నది."

నేను ఆగిపోయాను. "ఏ ఊరు బాబూ మీది?"

ఆ మాట అన్నాయన తాపీని గోడ మీద పెట్టి వెనక్కి తిరిగాడు. నలభై ఎనిమిదేళ్లుంటాయి. లింగయ్య అంటాను, అది ఆయన పేరు కాదు.

"కోరుట్ల దిక్కు అమ్మా. మీది?"

"జగిత్యాల."

"అయ్యో, మనోళ్లే. దుబాయి ఎన్నడొచ్చిండ్రు?"

"ఇది దుబాయి కాదు, బహ్రెయిన్."

"మాకు నీళ్లు దాటితే అంత దుబాయే అమ్మా. ఇమానం టికెట్ మీదనే పేర్లు వేరు."

రాజన్న నవ్వాడు. లింగయ్య నాతో మాట్లాడుతూనే వేళ్ల మధ్య సున్నం రాసి చూస్తున్నాడు. వాళ్ల నాన్న గచ్చు పనివాడు. గుడి మండపాలకు గానుగలో సున్నం, ఇసుక నూరి డంగు సున్నం చేసి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవాడు. సిమెంటు వచ్చాక ఆ పని అడిగేవాళ్లు లేరు. లింగయ్య గల్ఫ్‌కు వచ్చి పదిహేడేళ్లు.

"పదిహేడేండ్ల సంది మోసుడే అమ్మా. ఇటుకలు, బస్తాలు, రాడ్లు. గీ కోట పనికి సున్నం తెలిసినోళ్లు కావాలని ఎనమండుగురిని పిలిచి చూసిండ్రు. నేనొక్కన్నే నిలిచిన. కాయిదంల మాత్రం ఇంకా లేబరే. గీ గోడ అయినంక మేస్త్రి కార్డు ఇస్తమన్నరు."

"ఎప్పటికి అవుతుంది?"

"రెండు నెలలు. కార్డొస్తే జీతం సంగతి అట్లుంచుండ్రి, ఏ దేశం పోయినా తాపీ పట్టుకొని పోత. నెత్తిమీద బస్తా పెట్టుకొని కాదు."

తన నాన్న పనే తానూ చేస్తున్నానని ఇంటికి ఫోటో పంపితే ఆయన భార్య నమ్మలేదట. ఊరికే కోట ముందు నిలబడి దిగావని అందట. తాపీ పట్టుకుని ఇంకో ఫోటో పంపాడట.

సోమవారం, రిజిస్టరు

పదో తేదీ సోమవారం ఒక్కదాన్నే మళ్లీ వెళ్లాను. పని దగ్గర్నుంచి చూడాలని ఉందని ఫోర్‌మన్‌ను ఉర్దూలో అడిగాను. పెద్దావిడనని కాబోలు సరేనన్నాడు. తలకు టోపీ ఇచ్చాడు. అది పెద్దదై కళ్లద్దాల మీదికి జారింది. దాన్ని ఒక చేత్తో ఎత్తిపట్టుకునే గంటా పది నిమిషాలు గడిపాను.

లింగయ్య పాత సున్నాన్ని చెక్కపుల్లతో గీకి తీయడం, సందు కడగడం, కొత్త సున్నాన్ని కొంచెం కొంచెంగా కూరడం చూశాను. ఆ రాళ్లలో చాలా వరకు సముద్రంలోంచి తెచ్చిన పగడపు రాళ్లు. తేనెపట్టులా కంతలుంటాయి. సిమెంటు పెడితే రాయి చచ్చిపోతుంది అమ్మా అన్నాడు. సున్నమైతే రాయితో పాటు ఊపిరి పీలుస్తుందట.

ఒక వరుస చివర ఆగి, గొంతు తగ్గించి చెప్పాడు. "గీ సందుల పసుపు కొమ్ము ఉన్నది అమ్మా."

"ఎవరు పెట్టారు?"

"నేనే. మా నాయిన ఒక పెద్ద వరుస మూసినప్పుడు ఆఖరి సందుల ఒక కొమ్ము పెట్టేటోడు. ఇల్లయితే ఇంటోళ్లే ఇస్తరు. ఈడ ఎవరిస్తరు? మనామల మలబారోళ్ల దుకాన్ల కొన్న. పెట్టకుంటే చెయ్యి ఆడలే."

"ఎన్ని పెట్టావు?"

"ఒక్కటే. ఇంకా ఎవ్వరికి చెప్పలే. మీరు మనోళ్లని చెప్పిన."

ఈ చివరి మాట నేను విన్నాను. విన్నమాట ఇక్కడ ఉన్నదున్నట్టు రాశాను కూడా. కానీ ఆరోజు దాని అర్థం నా తలకెక్కలేదు. నా తల నిండా శనివారం మ్యూజియంలో చూసిన గిన్నె ఉంది. అదే దిబ్బ మీద రెండున్నర వేల ఏళ్ల కిందట ఎవరో గిన్నెలో పామును పెట్టారు, ఇప్పుడు కోరుట్ల దిక్కు మనిషి పసుపు పెట్టాడు. ఇంతకంటే గొప్ప సంగతి ఈ యాత్రలో ఇంకేం దొరుకుతుందనుకున్నాను.

టోపీ తిరిగి ఇవ్వడానికి ఫోర్‌మన్ కూర్చునే ఇనుప డబ్బా ఆఫీసులోకి వెళ్తే ఒక రిజిస్టరు ముందుకు జరిపాడు. పేరు, వచ్చిన టైము, పోయిన టైము, రిమార్కులు. ముందున్న పేజీలన్నీ తిప్పి చూశాను. రిమార్కుల గడిలో ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు.

ఉద్యోగంలో చివరి తొమ్మిదేళ్లు మండల విద్యాధికారిని. ఏ బడికి వెళ్లినా విజిట్ బుక్కులో రాయకుండా బయటికి రాలేదు. లోపం ఉంటే లోపం, మంచి ఉంటే మంచి, ఏ తరగతి, ఏ టీచరు, ఏ పాఠం అన్నదీ స్పష్టంగా. పై ఆఫీసులో ఎవరైనా చదివితే ఆ టీచరుకు మేలు జరిగేది. ఇద్దరికి ఉత్తమ ఉపాధ్యాయులుగా పేరు రావడానికి నేను రాసిన వాక్యాలే ఆధారమయ్యాయి. పనిచేసినవాళ్ల పేరు ఎవరూ చెప్పని చోట ఆ పేరు రాయడం మంచిపని అని నా నమ్మకం.

కూర్చుని ఇంగ్లీషులో పదకొండు లైన్లు రాశాను. ఈ మేస్త్రి సున్నం పని చాలా శ్రద్ధగా ఉందన్నాను. లేబర్ కాదు, మేస్త్రి అనే రాశాను. తన ప్రాంతపు ఆచారం ప్రకారం ఒక సందులో పసుపు కొమ్ము ఉంచాడని, మ్యూజియంలోని గిన్నెలతో పోల్చదగిన విషయమని, ఇలాంటి పనివాణ్ని గుర్తించాలని రాశాను. సందు ఎక్కడుందో, బురుజు మూల నుంచి ఎన్ని అడుగులో, నేల నుంచి ఎంత ఎత్తో కూడా రాశాను. అడుగులు నేనే నడిచి కొలిచాను. కింద సంతకం, తేదీ, మా ఊరి పేరు.

"షుక్రియా మాజీ," అని ఫోర్‌మన్ రిజిస్టరు మూశాడు. చదవలేదు. బయట లింగయ్యకు చెయ్యి ఊపాను. ఏం రాశానో చెప్పలేదు. కార్డు వచ్చాక తనకే తెలుస్తుందిలే అనుకున్నాను.

మంగళవారం

పద్దెనిమిదో తేదీన మళ్లీ వెళ్లాను. ఇంటి నుంచి తెచ్చిన సకినాలు ఒక డబ్బాలో పెట్టుకుని వెళ్లాను. గోడ దగ్గర రాజన్న ఒక్కడే ఉన్నాడు. నన్ను చూసినా బకెట్‌లో చెయ్యి పెట్టి కలుపుతూనే ఉన్నాడు.

"లింగయ్య ఏడి, రాజన్నా?"

"మీనా సల్మాన్ రేవుల గోదాముకు పంపిండ్రు, బస్తాలు మొయ్య."

"ఎందుకు?"

"మీరు రాసిన కాయిదం అమ్మా." అప్పుడు తలెత్తాడు. "మొన్న గురువారం పెద్ద ఇంజినీర్లు వచ్చిండ్రు. రిజిస్టర్ చూసిండ్రు. టేపు పట్టుకొని కొలుచుకుంట వచ్చి సక్కగ గదే సందు తవ్విండ్రు. ఒక్క ఇంచు అటు ఇటు కాలె."

మిగతాది కూడా చెప్పమన్నాను.

"ఇంకా ఏడేడ పెట్టినవని అడిగిండ్రు. ఒక్కటే అన్నడు. నమ్మలె. వరుసంత గీకిచ్చిండ్రు, ఇరవై రెండు దినాల పని. శనివారం మల్ల నింపిండ్రు. ఆయినను గీడ పని ఖలాస్ అని గోదాముకు పంపిండ్రు. ఇగ కార్డు లేదు ఏం లేదు."

డబ్బా ఆఫీసుకు వెళ్లాను. ఫోర్‌మన్ నాకు కుర్చీ చూపించాడు. ఆయన కోపంగా లేడు. అది ఇంకా కష్టమనిపించింది.

"మాజీ, అది పాత గోడ. రాయి, సున్నం తప్ప ఇంకొకటి లోపల పెట్టరాదని షరతు. పని ఒప్పుకున్నప్పుడు మేం సంతకం చేసినది. రేపు ఎవరైనా తవ్వితే ఆ పసుపు ఏ కాలానిదని లెక్కపెట్టాలి?"

ఆయన చెప్పింది సరైనదే. బళ్లో పాఠం చెప్పేటప్పుడు నేనే చెప్పేదాన్ని, తవ్వకాల్లో ఏ పొరలో ఏముందో కలిసిపోతే చరిత్ర పోతుందని.

"మీరు నా చెవిలో చెప్పి ఉంటే," అన్నాడు, "ఆ రాత్రే నేను తీసేసి, వాడికి రెండు తిట్లు తిట్టి ఊరుకునేవాణ్ని. మంచి చెయ్యి వాడిది. రిజిస్టరులో రాశాక నా చేతిలో ఏముంది? ప్రతి వారం దాని నకలు పైకి పోతుంది."

"ఆ కొమ్ము ఏం చేశారు?"

సొరుగు లాగి చూపించాడు. పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ సంచీలో పసుపు కొమ్ము, మీద తెల్ల చీటీ. చీటీలో ఎక్కడ దొరికిందో కొలతలు ఉన్నాయి. నేను రాసినవే. తేదీ సరిగ్గానే వేశారు.

బయటికి వచ్చి ఆ సందు దగ్గరికి వెళ్లాను. కొత్తగా నింపిన చోటు పక్కదానికంటే తెల్లగా ఉంది. కందకంలో ఇద్దరు అమ్మాయిలు పరుగెత్తుతూ పోయారు. సకినాల డబ్బా రాజన్నకు ఇచ్చి, లింగయ్యకు ఇవ్వమన్నాను. ఇస్తానన్నాడు.

నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన సుధకు కారులో అంతా చెప్పాను. ఇంటికి చేరాక అంది. "పెద్దమ్మా, ఇక్కడ మనవాళ్లను ఎవరికీ తెలియకుండా ఉంచడమే మంచి చేసినట్టు. ఎవరు ఏ రూములో వండుకుంటున్నారో, ఎవరు ఏ మూల దీపం పెట్టుకుంటున్నారో మాకు తెలుస్తుంది. ఎవరితోనూ అనం."

"నాకెవరూ చెప్పలేదు."

"చెప్పే అవసరం ఉంటదనుకోలే."

నువైద్రాత్

ఇరవై ఒకటి శుక్రవారం. కూలీలకు సెలవు. సుధ నన్ను నువైద్రాత్‌లో వాళ్ల క్యాంపుకు తీసుకెళ్లింది. అంతకుముందు రెండు రోజులు కూర్చుని కంపెనీకి ఒక ఉత్తరం రాశాను. రెండు పేజీలు. తప్పు నా తొందరపాటుదని, ఆ మనిషి పనితనం చూడమని, తేదీలవారీగా.

గదిలో నాలుగు రెండంతస్తుల మంచాలు. ఎనిమిది మంది. ఒకాయన గోంగూర ఉడికిస్తున్నాడు. గోంగూర ఎక్కడిదని అడిగితే డబ్బాల్లో మట్టిపోసి పెంచామని గుమ్మం బయట చూపించాడు. నన్ను చూసి లింగయ్య మంచం దిగాడు. భుజం మీద చొక్కా కింద గుడ్డ మడత పెట్టి ఉంది. బస్తా ఒత్తుకోకుండా.

"ఈ అమ్మనేనా రిజిస్టర్ మేడం?" అన్నాడు పై మంచం మీద పడుకున్న కుర్రాడొకడు. "మేడం, నా గురించి ఏం రాయకుండ్రి. నాకు బస్తాలే మంచిగున్నయి."

అందరూ నవ్వారు. లింగయ్య కూడా. "నోర్ముయ్ రా," అని నాకు కుర్చీ వేశాడు. "సకినాలు మంచిగున్నయి అమ్మా. నాకు నాలుగే దక్కినయి. మిగతయి వీళ్లు బుక్కిండ్రు."

ఉత్తరం తీశాను. రాజన్నకు ఇంగ్లీషు కొంచెం వచ్చు. చదివి తెలుగులో చెప్పాడు. చదువుతున్నంతసేపూ లింగయ్య నేల చూస్తూ కూర్చున్నాడు.

"మంచిగ రాసిండ్రు. గాని ఇయ్యకుండ్రి అమ్మా."

"నిజమే కదా రాశాను. నీ పని నీకు ఇవ్వాలి కదా."

"మీరు నిజమే రాస్తరు. మొదటిది గూడ నిజమే రాసిండ్రు. ఇప్పుడు గోదాముల పనన్న ఉన్నది. ఇంకోపారి నా పేరు పైకి పోతే, వీడెవడురా అని ఇంటికి పంపుతరు. మీకు దండం పెడత, ఏం రాయకుండ్రి."

ఉత్తరం మడిచి సంచీలో పెట్టుకున్నాను. క్షమించమని అడిగాను. సరిగ్గా అవే మాటల్లో అడిగాను. "మీరు పెద్దోళ్లు, గట్ల అనద్దు," అన్నాడు. క్షమించానని అనలేదు. ఆ మాట ఆయన నోట రాకపోవడం న్యాయమే.

గాజు గ్లాసుల్లో టీ వచ్చింది. ఎవరో పంచదార ఎక్కువైందని గొణిగారు. లింగయ్య టీ తాగకుండా గ్లాసు పట్టుకుని అడిగాడు.

"అమ్మా, మొన్న మీరు పోయినప్పుడు ఆ వరుస చూసిండ్రా? మల్ల మూసిండ్రట కదా."

"చూశాను. మూశారు."

"తడి గోనెలు కట్టిండ్రా? ఎండ తాకకుండ గోనె కట్టి, దినాం నీళ్లు చల్లాలె. లేకుంటే సున్నం నెర్రెలిస్తది. నేనైతే ఏడు దినాలు కడుత. రాజన్నను అడిగితే సక్కగ చెప్తలేడు."

రాజన్న గోంగూర గిన్నె వైపు తిరిగి నిలబడ్డాడు.

మంగళవారం నేను చూసినప్పుడు ఆ వరుస మీద గోనె లేదు. నిట్టనిలువు ఎండ పడుతోంది. కొత్త సున్నం మీద వెంట్రుకంత సన్నవి, మూడు నెర్రెలు. ఒకటి నా జానెడు పొడవుంది. పెట్టి చూశాను.

"కట్టారు," అన్నాను.

"తడిగ ఉన్నయా?"

"తడిగానే ఉన్నాయి."

వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "శనివారం నింపిండ్రు. రేపటికి ఏడు దినాలైతయి. రేపు పొద్దుమూకినంక ఇప్పచ్చు," అన్నాడు. అప్పుడు టీ తాగాడు.